బండికి పట్టిన తుప్పు

"ఈకాలం బళ్ళు రేకు డబ్బాలు, పాతవైతే గట్టి ఇనుము" అని మావారి వాదన. నేనొప్పుకోను. మా విశాఖలో సముద్రపు గాలి పాత ఇనుమునీ వదలదు. గాలిలో ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, వాన లేని రోజు కూడా తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. అపార్ట్‌మెంట్లో నీడేమో కార్లకి, మోటార్ సైకిళ్ళకి గోడవార ఎండా వానా! తడి బండి మీద కప్పే ప్లాస్టిక్ కవరు మరీ దండగ, ఆవిరంతా లోపలే ఉండిపోతుంది. సైలెన్సర్ పైన మరకలు పడితే చూడ్డానికి బాగోదు, అంతే. చైనూ, బ్రేక్ కేబులూ అలా కాదు కదా, వాటిని నమ్ముకునే మా అబ్బాయి రోజూ కాలేజీకి వెళ్ళొస్తాడు. అందుకే ఆదివారం ఆదివారం కుళాయి నీళ్ళతో కడిగించి, పొడిగా తుడిపించి, చైన్‌కి ఆయిల్ పెట్టిస్తున్నా. ఈసారి అసోసియేషన్ మీటింగులో బళ్ళకి రేకుల షెడ్డు అడుగుతా. ఎవరు కాదంటారో చూస్తా.