గోధుమ బీరు గతి యేమగును?



ఈ నెల నాకు వచ్చిన జాబులలో నొకటి నన్ను రెండు మూడు దినములు వదలలేదు. నెల్లూరు సీమనుండి యొక పెద్దావిడ దానిని వ్రాసిరి. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినప్పుడు ఆ గాలి వారి యూరికిని సోకినదట. చంటిబిడ్డను ఒడిలో బెట్టుకొని సారా దుకాణము వాకిట కూర్చున్న స్త్రీలలో తానును ఒకతెనని వ్రాసిరి. ఆ ఒడిలోని బిడ్డడే నేడు అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రమున, బీరు కార్ఖానాలో ఉద్యోగి. రసాయనశాస్త్రము చదివినవాడు, గోధుమ బీరు పులియు తొట్లను కనిపెట్టుట అతని పని. చుట్టములతో మాత్రము ఆమె "ఏదో ఆహారపదార్థముల కార్ఖానా" అని చెప్పి మాట తప్పించుచున్నారట.

మొన్న ఆ కుమారుడు టెలిఫోనులో, "అమ్మా, గోధుమ బీరును అడుగువారు తగ్గిపోయిరి. మా తొట్లు సగము ఖాళీగా నున్నవి. నా పని యెన్నాళ్లుండునో తెలియదు" అని చెప్పెనట. "నేనిప్పుడు సంతోషింపవలెనా, ఏడువవలెనా? ఆ సరకు గతి యేమగునో మీరు తెలిసికొని వ్రాయుడు" అని ఆమె కోరిరి.

మా యింట మద్యము ముట్టువారు లేరు. ముట్టుడని నేనెవరికిని చెప్పబోను. అయినను తెలిసికొనుటయందు దోషములేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గూర్చి యొక ప్రకరణమే వ్రాసి, యే మద్యము ఏ ద్రవ్యములతో నగునో కొలతలతో సహా చెప్పెను. చిన్ననాడు మా నాయనగారు ఆ భాగమును నాచే చదివించునప్పుడు పుటలు దాటింపలేదు. "లోకము నడచు తీరు తెలియనివారికి ధర్మమెట్లు తెలియునమ్మా?" అనిరి. ఆ ధైర్యముతోనే వ్రాయుచున్నాను.

బీరనగా సామాన్యముగా యవలను మొలకెత్తించి, ఎండబెట్టి, నలుగగొట్టి, వేడినీట నానబెట్టి, ఆ తీయని నీటిని హాప్స్ అను చేదుపూలతో కాచి, ఈస్టుతో పులియబెట్టినది. గోధుమ బీరునందు ధాన్యములో మూడవవంతు మొదలు సగమువరకు, ఒక్కొక్కచో నంతకు మించియు, గోధుమ యుండును. యవగింజకు పొట్టు అంటియుండుటచే నదియే తొట్టి యడుగున జల్లెడవలె పనిచేయును. గోధుమకు అట్టి పొట్టు నిలువదు గనుక ముద్ద జిగురై నీరు దిగదు. అందులకై కార్ఖానాలవారు పలువురు వడ్ల ఊకను కలుపుదురు. మన మిల్లులయొద్ద గుట్టలుగా పడియుండు ఊక అక్కడ వడపోతకు సాధనమైనది! గోధుమలోని మాంసకృత్తులచే బీరు మబ్బుగానుండును. పైనురుగు దట్టముగా నిలుచును.

ఈ బీరునకు చావుబ్రతుకులు క్రొత్తవికావు. జర్మనీలోని బవేరియాలో 1516నాటి శాసనము బీరునకు యవలు, హాప్స్, నీరు తప్ప మరేమియు కూడదన్నది. గోధుమ రొట్టెకు మిగులవలెనన్నది అందులకు చెప్పబడు కారణములలో నొకటి. అయినను గోధుమ బీరు కాచు హక్కు ఒక జమీందారీ వంశమునకు ప్రత్యేకముగా దక్కినది. 1602లో ఆ వంశము అంతరింపగా ప్రభువు మాక్సిమిలియన్ ఆ హక్కును తానే తీసికొనెను. ముందు కూడదన్నదే పిదప ఖజానాకు రాబడియైనది. తరువాత జనుల రుచి మారి దానిని వదలివేయగా, 1872లో జార్జి ష్నైడర్ అను నతడు కాచు హక్కును సంపాదించి నిలబెట్టెను. బెల్జియమునందలి హూగార్డెన్ గ్రామమున 1950ల దశాబ్దమున కడపటి గోధుమ బీరు కార్ఖానాయు మూతబడెను. 1966లో దానిని మరల కాచినవాడు పియర్ సెలిస్, ఇంటింటికి పాలు పోయుచుండిన మనిషి.

ఇక అమెరికా. అచ్చట 1920 మొదలు 1933 వరకు దేశమంతటను మద్యనిషేధము నడచెను. అది తొలగిన పిమ్మట పెద్ద సంస్థలు చిన్నవానిని మ్రింగగా, 1970ల చివర దేశము మొత్తముమీద నూరు కార్ఖానాలైనను లేకుండెను. అట్టి కాలమున, 1984లో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు యాంకర్ సంస్థ గోధుమ బీరును మరల తీసినది. 1986లో ఆరెగాన్ లోని పోర్ట్‌లాండున కర్ట్, రాబ్ విడ్మర్ అను అన్నదమ్ముల యొద్దకు ఒక పానశాల యజమాని వచ్చి మూడవ రకము బీరు కావలెననెను. వారికున్నవి రెండే పులియు తొట్లు. కాబట్టి యున్న గోధుమ బీరునే వడపోయక మబ్బుగా నిచ్చిరి. నిమ్మబద్దతో నందించిన యా గ్లాసు ఊరిలో నందరి కన్నులను ఆకర్షించెను. బవేరియా ఈస్టు అరటిపండు వాసనను, లవంగపు వాసనను ఇచ్చును; అమెరికావారు వాడిన ఈస్టు అట్టిది కాదు. చేదు తక్కువ, వాసన తక్కువ, రొట్టెవంటి మెత్తని రుచి. బీరు చేదని మొగము త్రిప్పుకొనువారికి సయితము ఇది నచ్చినది. ఎవరిని నొప్పింపనితనమే దాని భాగ్యమైనది.

ఆ గుణమే నేడు దానికి కీడు చేయుచున్నది. అమెరికాలో నిప్పుడు 9 వేలకు పైగా బీరు కార్ఖానాలు గలవు. అంగడి యరలు నిండిపోయినవి. హాప్స్ మెండుగా వేసిన ఐ.పి.ఎ. అను రకము ఘాటుతో జనమును లాగికొన్నది. అందులోను మబ్బుగానుండు క్రొత్త రకమును అచ్చటి బీరు సంఘము 2018లో ప్రత్యేకజాతిగా నంగీకరించినది. ఒకప్పుడు మబ్బు కనబడిన గోధుమ బీరని గుర్తు. ఆ గుర్తును మరియొకడు ఎత్తుకొనిపోయెను. తేలికగా నుండవలెననువారు పండ్లరుచిగల మద్యపు సోడాలకు మరలిరి. నిమ్మబద్ద, నారింజబద్దల సింగారమును పెద్ద సంస్థలు పట్టుకొన్నవి. కూర్స్ వారు 1995లో బ్లూ మూన్ ను తెచ్చిరి. ఆన్‌హైజర్-బుష్ వారు 2006లో దానికి పోటీగా మరియొకటి తెచ్చిరి.

చేతులు మారిన తీరు చూడుడు. విడ్మర్ సోదరుల సంస్థ 2008లో వేరొక సంస్థతో కలిసెను. 2020లో ఆన్‌హైజర్-బుష్ వశమయ్యెను. 2023లో గంజాయి వ్యాపారమున పెరిగిన టిల్‌రే అను కెనడా సంస్థకు అమ్ముడుపోయెను. యాంకర్ 2017లో జపానువారి చేతికి పోయి, 2023లో మూతబడెను. 2024లో దానిని కొన్నది పెరుగు వ్యాపారమున పేరుగన్న హమ్దీ ఉలుకాయా. ఆ 2024లోనే దేశమున తెరచిన చిన్న కార్ఖానాలకంటె మూసినవి ఎక్కువ. అంతేకాదు, త్రాగువారే తగ్గుచున్నారు. 2025లో గ్యాలప్ సంస్థ విచారింపగా పెద్దలలో నూటికి 54 మందియే తాము మద్యము పుచ్చుకొందుమనిరి. 1939నుండి వారడుగుచున్న ఈ ప్రశ్నకు ఇంత తక్కువ లెక్క మునుపెన్నడు రాలేదు. సారా దుకాణము ముందు కూర్చున్న తల్లికిది శుభవార్త; తొట్లు కాచు కొడుకున్న తల్లికి గుండెలో రాయి. ఇద్దరును ఒక్కతెయే యగుట మన యక్కగారి కష్టము.

అయినను అన్నియు నొక్కతీరున పోవుటలేదు. మిషిగన్ రాష్ట్రపు బెల్స్ సంస్థ 1985లో 57 లీటర్లు పట్టు పులుసుగుండిగతో మొదలైనది. వారి ఓబరాన్ అను గోధుమ బీరు వసంతమున వచ్చి శరత్తునకు పోవును. మనకు మామిడికాయవలె దానికొక ఋతువు గలదు. సంస్థ 2021లో ఇతరుల వశమైనను ఆ ఋతువు వచ్చినదన్న జనము ఎదురుచూచుచునే యున్నారు. కాన్సస్ సిటీలో బూల్వార్డ్ వారి గోధుమ బీరు ఆ యూరి సొత్తువలె నిలిచినది. మెయిన్ రాష్ట్రమున అల్లగాష్ వారు 1995నుండి తెల్ల గోధుమ బీరునే ముఖ్యముగా కాచుచు, తమ రాష్ట్రపు రైతుల ధాన్యమును కొనుచున్నారు. గోధుమ బీరు తాజాగా నున్నపుడే రుచి; దూరదేశములకు పోయి గోదాములలో నిలిచిన చెడును. కాబట్టి నా కొలదిబుద్ధికి తోచునది యిది: దేశమంతటను ఒకే పేరుతో అమ్మజూచువారి గోధుమ బీరు ఇంకను క్షీణించును, ఊరును, ఋతువును, రైతును అంటిపెట్టుకొన్నది చిన్నదై యైనను బ్రదుకును.

అక్కగారూ, బీరు సారాకంటె మేలని చెప్పి మిమ్మోదార్చను. అది మీకు నచ్చు మాట కాదు. 1992లో మీరు వాకిట కూర్చున్నది ఇంటి కూలిడబ్బు దుకాణమునకు పోకుండుటకు. నేడు మీ భయమును ఇంటికి వచ్చు కూలిడబ్బును గూర్చియే. ఆ సరకు తగ్గిన సంతోషింపుడు. బిడ్డ పని పోవునన్న దిగులుపడుడు. రెండును ఒకేమారు మనసున నుండవచ్చును, అందు కపటములేదు.

మీ కుమారునికి మాత్రము ఇట్లు చెప్పుడు. అతడు నేర్చినది ఒక బీరు పేరు కాదు, పులియబెట్టు విద్య. తొట్టి వేడిమి నెరుగుట, ఈస్టు ఆరోగ్యము చూచుట, పాత్రలను క్రిములు చేరకుండ నుంచుట—ఇవి పెరుగునకు, రొట్టెకు, సిరకాకు, మందుల తయారీకి సయితము కావలసిన పనులే. తొట్లు పూర్తిగా ఖాళీయగువరకు కూర్చుండక, ఇప్పుడే అట్టి చోట్ల విచారింపుమనుడు. ఇకమీదట చుట్టములు అడిగినచో నున్నమాటే చెప్పుడు. నాడు పదిమందిలో కూర్చుండి నిజము పలికిన మీకు, నేడు దాచుకొనుటయే యెక్కువ బరువుగా నున్నదని మీ జాబు చదివినపుడు నాకు తోచినది.

వచ్చు నెలలో ఆ అబ్బాయి యేమనెనో వ్రాయుడు. ఎదురుచూచుచుందును.