బిడ్డను బడికి పంపుటకు ముందు

జూన్ మాసము సమీపించుచున్నది. పాఠశాలలు తలుపులు తెరువకమునుపే మన పట్టణములలో ఇంటింట ఒక పరీక్ష సాగుచున్నది. నాలుగేండ్ల పసివానిని ఎదుట కూర్చుండబెట్టుకొని తండ్రి "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని యడుగును. వాడు తెలుగున పలికెనా, తల్లి కసురుకొనును. ఈ తతంగమునకే "బడికి సిద్ధము చేయుట" యని పేరు వచ్చినది. న్యాయస్థానములలో తిరుగువారికి ఈ దృశ్యము క్రొత్తగాదు. పాఠము చెప్పి తెచ్చిన సాక్షి, నేర్పిన ప్రశ్నకు గడగడ సమాధానము చెప్పును. నేర్పని ప్రశ్న యొక్కటి పడినంతనే నోట మాట రాక దిక్కులు చూచును.

బిడ్డను సిద్ధము చేయుట వలదని మా యభిప్రాయము గాదు. దేనితో సిద్ధము చేయవలెనన్నదే ప్రశ్న. అక్షరములు నేర్పుటకు ఉపాధ్యాయుడున్నాడు. ఇల్లు ఈయవలసినది మాటల పెట్టుబడి. ఒకటవ తరగతిలో "అమ్మ" యని చదువు బిడ్డ క్రొత్తగా నేర్చునది గుర్తులను మాత్రమే. ఆ మాటయు, దాని యర్థమును వానికి ఎన్నడో వచ్చినవి. మాటయు తెలియక, గుర్తును తెలియక, రెండు బరువులును ఒక్కసారి నెత్తిన బడినపుడు బట్టీ పట్టుట తప్ప ఆ పసివానికి వేరు దారి యేది? ఇంగ్లీషు వినబడని యింట పుట్టి, ఇంగ్లీషు మాధ్యమమున చేరిన బిడ్డకు జరుగుచున్నది ఇదియే. మాకు ఇంగ్లీషుపై పగ లేదు; ఆ భాషతోనే మా జీవనము గడచుచున్నది. అయినను దానిని మేము తెలుగు వచ్చిన తరువాత నేర్చితిమి.

1937లో గాంధీమహాత్ముని యధ్యక్షతన వార్ధాలో కూడిన విద్యాపరిషత్తు, మాతృభాషయే బోధనభాష కావలెనని తీర్మానించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, వీలైనచోటనెల్ల కనీసము ఐదవ తరగతివరకు ఇంటిభాషలోనే బోధన జరుగవలెనన్నది. నడుమ 83 ఏండ్లు గడచినవి. తీర్మానము మారలేదు, పాఠశాలల బోర్డులు మారినవి! 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఆరవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధము చేయుచు ఉత్తర్వు నిచ్చెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. కాని తల్లిదండ్రుల మనస్సులోని యుత్తర్వును కొట్టివేయు న్యాయస్థానము ఎక్కడ నున్నది?

మన పెద్దల యక్షరాభ్యాసమును ఒకమారు తలచుకొందము. పళ్లెరమున బియ్యము పోసి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, వ్రేలు పట్టి దిద్దింతురు. అది వేడుక మాత్రమే గాదు. లేతవ్రేళ్లకు పెన్సిలు బరువు లేదు; వంకరపోయిన గీత అరచేతితో త్రోసిన మాసిపోవును; ఎర్రసిరా లేదు. ఆ వేడుకను ఘనముగా జరిపించి, మరునాడే నాలుగుగీతల కాపీపుస్తకము ముందు పడవేయు తండ్రికి ఆ పళ్లెరము చెప్పిన దేమియు వినబడలేదన్నమాట. వ్రేళ్లు గట్టిపడుటకు మట్టిముద్దలున్నవి, ముగ్గుచుక్కలున్నవి. లెక్కకు చింతగింజలును వామనగుంటలును చాలును. అమ్మమ్మ కథ, తాతగారి పొడుపుకథ, సంతలో కూరగాయల పేర్లు—ఇవి ఏ దుకాణమునను దొరకని పాఠ్యపుస్తకములు. అన్నము తానే కలుపుకొని తినుట, గుండీలు తానే పెట్టుకొనుట, దాహమైనను దొడ్డికి పోవలసివచ్చినను జంకక చెప్పుట వచ్చిన బిడ్డ, ఇరువదియాఱు ఇంగ్లీషు అక్షరములు వల్లించు బిడ్డకంటె బడిలో సుఖముగా కూర్చుండును. కన్నును చెవిని వైద్యునికి చూపవలెను; సరిగా వినబడని బిడ్డను మొద్దని కొట్టిన యిండ్లు కలవు. అయిదారేండ్ల నడుమ వేయవలసిన డీపీటీ టీకాను మరువరాదు.

ఇక "అల్లరి చేసితివా, బడిలో వేయించెదను, పంతులు వీపు చీరును" అను బెదిరింపు. పోలీసువాని తరువాత పంతులనే బూచిగా చూపుట మనయింట ఆచారమైపోయినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను బిడ్డను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. బడిలో బెత్తము నిషిద్ధమైనను, దాని నీడను ఇంటనే నాటి పంపుచున్నాము.

ఆ చట్టముననే 13వ సెక్షనున్నది. ప్రవేశమునకై బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించి యెంచుట నేరము. మొదటిమారు 25,000 రూపాయలవరకు, ఆపై ప్రతిమారు 50,000 వరకు జరిమానా. అయితే ఆ చట్టపు రక్షణ ఆరేండ్లనుండి పదునాలుగేండ్లవరకే. నర్సరీ ప్రవేశములకు అది వర్తింపదని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పెను. ప్రవేశద్వారము ఒకటవ తరగతినుండి నర్సరీకి జరిగినకొలది నిషేధము చేతికందకుండ పోవుచున్నది. ఆరేండ్లలోపు శిశువుల విద్యను రాజ్యాంగపు 45వ అధికరణము ప్రభుత్వ ప్రయత్నమునకు వదలినది. ఆ ప్రయత్నపు రూపమే 1975లో ఆరంభమైన అంగన్‌వాడీ. దానిని గ్రుడ్లు పంచుచోటుగా చూచి ముఖము త్రిప్పుకొను పట్టణవాసి, అందు కథయు పాటయు జరుగుచున్నదో లేదో యొకనాడైన పోయి చూచెనా?

పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి రెండు. 13వ సెక్షనును తెలుగున పెద్దయక్షరములతో వ్రాయించి, వార్తాపత్రికల బల్లపైన గోడకు తగిలింపుడు. వేసవి ముగియువరకు వారమున కొక సాయంకాలము పెద్దలకు సెలవిచ్చి, ఆ చాపలను పిల్లలకు పరచి, కథ చెప్పగలవారినెవరినైన పిలువుడు.