43 పళ్ళా, 39 పళ్ళా?

పాత జీపు వెనక యాక్సిల్‌లో గేర్లు మార్చితే దాని పాతదనం పోదు. అసలు వాడుకలో ఉండాలంటే కొన్ని జీపులకి ఆ మార్పు తప్పదు. ఇది నా అభిప్రాయం. సీఎస్‌ఈ వాడికి యాక్సిల్ గొడవ ఎందుకు అంటారేమో. ఆరు నెలలుగా మా ఇంట్లో నడుస్తున్న గొడవే ఇది, కోడింగ్ గురించి ఎవరూ ఇంతగా పోట్లాడుకోలేదు.

మా పెద్దనాన్నకి ఒక మహీంద్రా సీజే-3బి జీపు ఉంది. పెట్రోల్ బండి, ఎత్తు బానెట్ ది. చేవెళ్ళ అవతల మా ఊళ్ళో పొలం పనికి కొన్నారు. ఇప్పుడు ఆ పొలంలో ప్లాట్ల రాళ్ళు పాతారు. జీపేమో నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వచ్చి కవర్ కింద ఉంది. నేల మీద ఆయిల్ మరకలు పడుతున్నాయని అసోసియేషన్ వాళ్ళు రెండుసార్లు నోటీసు పెట్టారు. శంకర్‌పల్లి వైపు ఒక రిసార్ట్ వాళ్ళు గేటు దగ్గర పెట్టుకుంటాం, ఇచ్చేయండి అంటున్నారు. నాన్నది ఒకటే మాట: తిరగని బండి ఎందుకు, ఇచ్చేద్దాం. పెద్దనాన్న ఇవ్వరు. పోనీ రోడ్డు మీద తిరిగేలా గేర్లు మారుద్దాం అంటే దానికీ ఒప్పుకోరు. "కంపెనోడు ఎట్ల ఇచ్చిండో అట్లనే ఉండాలె బిడ్డా" అంటారు.

సరే, కంపెనీవాడు ఏం ఇచ్చాడో చూద్దాం.

జీపు కిందికి వంగి చూస్తే వెనక యాక్సిల్ మీద గుండ్రటి గడ్డ ఒకటి కనిపిస్తుంది, మధ్యలో కాదు, కుడివైపుకి జరిగి. ఇంజిన్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ దాంట్లోకే వెళుతుంది. లోపల షాఫ్ట్ చివర ఒక చిన్న పళ్ళ చక్రం, దాన్ని పినియన్ అంటారు. అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. మెకానిక్‌లు రెండూ కలిపి ఒకే మాటగా 'క్రౌన్ పినియన్' అనేస్తారు, షాపులో కూడా జతగానే అమ్ముతారు. రెండిటినీ ఫ్యాక్టరీలో కలిపి అరగదీస్తారు కాబట్టి ఒక సెట్‌లోది ఇంకో సెట్‌కి పనికిరాదు. క్రౌన్‌కి బిగించిన పెట్టెలో ఇంకో నాలుగు చిన్న గేర్లుంటాయి, డిఫరెన్షియల్ అంటే అవే. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడాని అవి సర్దుతాయి.

మా జీపు క్రౌన్ మీద 43 పళ్ళు, పినియన్ మీద 8. భాగిస్తే 5.375. అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఐదుంపావు కంటే ఎక్కువ చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. బలం ఎక్కువ, వేగం తక్కువ. దుక్కి దున్నే ఎద్దు నడకలాంటిది ఇది. సీజే-3బికి అమెరికాలో విల్లీస్ కంపెనీ పెట్టిన లెక్క కూడా ఇదే, 5.38.

మా ఇంటి గొడవకి అసలు సమాధానం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ ఎం.బి. జీపుకి ఈ లెక్క 5.38 కాదు, 4.88. 39 పళ్ళ క్రౌన్, 8 పళ్ళ పినియన్. 1945లో యుద్ధం అయిపోయాక అదే కంపెనీ అదే బండిని రైతులకి అమ్మాలనుకుంది. నాగలి లాగాలి, ట్రెయిలర్ లాగాలి, చేలల్లో మెల్లగా నడవాలి. అందుకని సీజే-2ఏ అని పేరు పెట్టి, యాక్సిల్‌ గేర్లు 5.38కి మార్చేసింది. అంటే పెద్దనాన్న 'అసలుది' అంటున్న 43 పళ్ళ సెట్ కూడా ఒకప్పుడు చేసిన మార్పే. పని మారింది కాబట్టి చేసింది. విల్లీస్ వాడు యుద్ధం నుంచి పొలానికి వచ్చినప్పుడు మార్చుకోవచ్చు గానీ, మేము పొలం నుంచి నల్లగండ్లకి వచ్చినప్పుడు మార్చుకోకూడదా?

నల్లగండ్ల నుంచి ఊరికి వెళ్ళాలంటే మాకు సులువైన దారి నానక్‌రాంగూడ దగ్గర అవుటర్ రింగ్ రోడ్ ఎక్కి, అప్పా జంక్షన్ దగ్గర దిగి, మర్రిచెట్ల కింద చేవెళ్ళ రోడ్డు పట్టుకోవడం. 158 కిలోమీటర్ల ఆ రింగు మీద కుడి లేన్లలో గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. మా జీపుని ఆ లేన్‌లోకి ఎవరూ తీసుకెళ్ళరు, సరే. కానీ ఎడమ చివర లేన్‌లో కూడా వెనక నుంచి కంకర టిప్పర్ వస్తుంటే 50లో పోవడం ధైర్యం కాదు, మొండితనం. 65, 70లో నిలకడగా పోగలగాలి.

లెక్క చూడండి. 6.00-16 టైరు చుట్టుకొలత దాదాపు 2.25 మీటర్లు. టాప్ గేర్‌లో 70 దగ్గర ఇప్పుడున్న 43 పళ్ళతో ఇంజిన్ నిమిషానికి 2790 చుట్ల దాకా తిరుగుతుంది. 39 పళ్ళతో అయితే 2530. తేడా పది శాతం కూడా లేదు, దీనికోసం యాక్సిల్ అంతా విప్పాలా అని నా రూమ్మేట్ అడిగాడు. వాడు ఎప్పుడూ ఆ జీపులో కూర్చోలేదు. 2790 దగ్గర ఆ ఇంజిన్ చేసే రొదలో పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. ఆ రొద కొంచెం తగ్గితే డ్రైవ్ చేసేవాడికి వెనక హారన్ వినిపిస్తుంది.

ఇంకా కిందికి పోవచ్చు కదా, 4.27 ఉంది, 3.73 ఉంది అంటారు కొందరు. నేను ఒప్పుకోను. 3.73 అంటే లోపలి కేరియర్ కూడా మార్చాలి. దానికి మించి, 72 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిన్ అంత బరువైన గేరు లాగలేక చిన్న ఫ్లైఓవర్ ఎక్కాలన్నా గేరు దింపమంటుంది. 4.88 అయితే పోయేది పదో వంతు బలమే. లో రేంజ్‌లో ఎలాగూ 2.46 రెట్లు ఉంది, బురదలో ఆ లోటు తెలియదు.

నేను అడుగుతున్నది ఒక్క గేరు సెట్ కాదని కూడా చెప్పాలి. మా జీపు ఫోర్ వీల్ డ్రైవ్. వెనక 39 వేసి ముందు 43 వదిలేస్తే, ఫోర్ వీల్‌లో వేసిన మరుక్షణం ముందు చక్రాలొక లెక్కలో, వెనక చక్రాలొక లెక్కలో తిరగాలని చూస్తాయి. గట్టి రోడ్డు మీద అయితే ట్రాన్స్‌ఫర్ కేసులో ఏదో ఒకటి విరుగుతుంది. కాబట్టి రెండు యాక్సిళ్ళకీ మార్చాలి, ఖర్చు రెట్టింపు. ముందు షాఫ్ట్ పీకేసి వెనకది మాత్రం మార్చుకుంటే చాలు అనే మెకానిక్‌లు ఉన్నారు. అది నాకు నచ్చదు. అప్పుడు నిజంగానే జీపు జీపు కాకుండా పోతుంది.

స్పీడోమీటర్ సంగతి చాలామంది మర్చిపోతారు. జీపులో దాని కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది, చక్రం నుంచి కాదు. యాక్సిల్ మారిందని దానికి తెలియదు. ముల్లు 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంటుంది. నాలుగు చక్రాలకీ చిన్న డ్రమ్ము బ్రేకులు, బూస్టర్ లేదు, కాలి బలమే బ్రేకు. అందుకే నా వరసలో బ్రేకులు ముందు, స్టీరింగ్ ప్లే సరిచేయడం తర్వాత, గేర్లు ఆఖర్న. ఆగడం చేతకాని బండికి వేగం నేర్పడం పిచ్చితనం. పెద్దనాన్న భయంలో న్యాయం ఉన్నది ఈ ఒక్కచోటే, దాన్ని నేను కాదనను.

డిఫరెన్షియల్ విషయంలో మాత్రం ఆయనా నేనూ ఒకే పార్టీ. ఆఫ్ రోడింగ్ పిచ్చి ఉన్నవాళ్ళు లోపలి స్పైడర్ గేర్లని వెల్డింగ్ చేయించి రెండు చక్రాలనీ ఒకటి చేసేస్తారు. బురదలో ఒక చక్రం ఊరికే తిరిగిపోయే బాధ తప్పుతుంది నిజమే. కానీ తారు రోడ్డు మీద ప్రతి మలుపులోనూ టైరు ఈడ్చుకుపోతుంది, యాక్సిల్ షాఫ్ట్ మెలిపడుతుంది, వానలో వెనక భాగం పక్కకి జారుతుంది. పైగా వెల్డింగ్ పడ్డాక ఆ గేర్లని వెనక్కి తెచ్చే దారి లేదు. ఏ మార్పుకైనా నా పరీక్ష అదే: రేపు ఎవరైనా పాత స్థితికి తీసుకెళ్ళాలంటే సాధ్యమా, కాదా?

రూల్స్ మాట. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని బండికి 'వీఏ' అనే అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. అక్కడ చెప్పిన మూడింట్లో యాక్సిల్ గేర్లు లేవు. కానీ ఆ నంబర్ తీసుకుంటే బండిని రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్ కోసం, రిపేరు కోసం, అంతే. ముట్టుకోకుండా కాపాడుకోవడం అంటే చివరికి ఇదన్నమాట. రిసార్ట్ గేటుకీ దీనికీ పెద్ద తేడా నాకైతే కనిపించలేదు.

ఇంజిన్ తీసేసి డీజిల్ వేసిన జీపులు మన దగ్గర కోకొల్లలు. వాటిని చూసి ఎవరూ బాధపడరు, బయటికి కనిపించని నాలుగు పళ్ళ కోసం మాత్రం మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, ఈ పని అందరు మెకానిక్‌లకీ రాదు. పినియన్ ఎంత లోతుకి కూర్చోవాలో సన్నటి షిమ్‌లు వేసి, తీసి చూడాలి. క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ప్లే మిల్లీమీటర్‌లో ఐదో వంతు కూడా ఉండకూడదు, అలాగని బిగుసుకోకూడదు, డయల్ గేజ్ పెట్టి కొలవాలి. పళ్ళకి రంగు పూసి తిప్పితే మచ్చ పంటి మధ్యలో పడాలి. అంచున పడితే మళ్ళీ విప్పాలి. చేత్తో ఊపి చూసి "సెట్ అయింది అన్నా" అనేవాడికి ఇవ్వకండి. రోడ్డెక్కిన వారంలో ఊళ మొదలవుతుంది, అది ఇక తగ్గదు. చందానగర్‌లో మాకు దొరికిన పెద్దాయన గేజ్ లేకుండా హౌసింగ్ తెరవనన్నారు. ఆ మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

రాణిగంజ్‌లో 39 పళ్ళ సెట్లు రెండు చూసి పెట్టాను. 43 పళ్ళవి తీశాక గ్రీజు పూసి, నూనె కాగితం చుట్టి, ఏది ముందుదో ఏది వెనకదో రాసి, పాత షిమ్‌లతో సహా ఒక ట్రంకు పెట్టెలో పెడతానని పెద్దనాన్నకి చెప్పాను. తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది. మొన్న ఫోన్‌లో "పెట్టె ఎంత పెద్దది కావాలె?" అని అడిగారు.