కారు తాళంలో బ్యాటరీ మార్చడం కూడా మగాళ్ల పనేనా?

గ్యాస్ బండ అయిపోతే రెగ్యులేటర్ తీసి కొత్తదానికి బిగించేది ఎవరండీ? మనమే. చేయి కాస్త తేడా వస్తే ఇల్లే లేచిపోయే పని అది. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసేదీ మనమే, కుక్కర్ గాస్కెట్ మార్చేదీ మనమే. అదే కారు తాళంలో రూపాయి బిళ్లంత బ్యాటరీ, మూడంటే మూడు వోల్టులది, అది మాత్రం "నీకు తెలీదులే, ఆయన్ని చూడనీ" అంటారు. ఏం లెక్క ఇది?

నాకెందుకింత మంటో చెప్తాను. మొన్న ఒక ఆదివారం మా పిన్ని కూతురు ఇద్దరు పిల్లల్ని, అత్తగారిని ఎక్కించుకుని మైపాడు బీచ్‌కి వెళ్లింది. నడిపేది తనే, వాళ్లాయన కంటే నయంగా నడుపుతుంది. పొద్దుగూకే వేళకి కారు దగ్గరికొచ్చి రిమోట్ నొక్కితే తలుపు రాలేదు. పదిసార్లు నొక్కింది. పిల్లలేమో తడిబట్టలతో గాలికి వణుకుతున్నారు. ఫోన్ చేస్తే ఆయన రెండో తాళం వెతుక్కుని నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు రావాలి. వచ్చేసరికి గంట దాటింది. ఆ గంటసేపూ తలుపు తీసే ఇనప తాళం ఆ పిల్ల చేతిలోనే ఉంది, రిమోట్ కడుపులో. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ కారు డెలివరీ ఫోటో మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఉంది. హారతి పళ్లెం పట్టుకుంది ఈమె. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది ఈమె. పక్కన షోరూమ్ అబ్బాయి తాళం పట్టుకుని వివరంగా చెబుతున్నాడు, వాళ్లాయనకి! మర్నాడు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "సార్‌ని బండి తీసుకుని రమ్మనండి మేడమ్" అన్నారట. బ్యాటరీ ఉన్నది తాళంలో అయితే బండెందుకు, సారెందుకు?

సరే, వాళ్లు చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మీ తాళం బటన్ స్టార్ట్ కారుదైతే దానికి పక్కనో వెనకో చిన్న మీట ఉంటుంది. అది జరిపి లాగితే ఇనప తాళం బయటికొస్తుంది. డ్రైవర్ తలుపు పిడి దగ్గర రంధ్రం ఉంటుంది, కొన్ని కార్లలో దానిమీద బుల్లి ప్లాస్టిక్ మూత ఉంటుంది. తలుపు తీయగానే కొన్ని కార్లు కుయ్యోమని అరుస్తాయి, జడుసుకోకండి. లోపల కూర్చుని బ్రేక్ తొక్కి, ఆ చచ్చిన రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి. చాలా కార్లు స్టార్ట్ అయిపోతాయి. ఎందుకంటే బండిని గుర్తుపట్టించే చిప్‌కి ఆ బ్యాటరీతో పని లేదు, కారు నుంచే దానికి కావలసిన శక్తి అందుతుంది. కొన్నింట్లో రిమోట్ పెట్టాల్సిన చోటు వేరేగా ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపిస్తారు. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో కవరు కూడా తీయకుండా పడి ఉంటుంది కదా, అదే.

బ్యాటరీ మార్చడం ఇంకా సులువు. ఇనప తాళం తీసిన గాడిలో సన్న స్క్రూడ్రైవర్ కొనకు గుడ్డ చుట్టి మెల్లగా తిప్పితే రిమోట్ రెండు చిప్పలవుతుంది. పాత బిళ్ల ఏ వైపు పైకి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దానిమీద నంబరుంటుంది. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. 2025 అంటే వెడల్పు అదే, మందం 2.5. ఆ నంబరుదే కొనాలి, ఒకటి బదులు ఇంకోటి పెట్టకూడదు. అంచులు పట్టుకుని పెట్టండి, మన ఊళ్లో చెమట సంగతి తెలిసిందే కదా. వంద రూపాయల లోపు ఖర్చు, ఐదు నిమిషాల పని.

"ప్లాస్టిక్ విరిగితే కొత్త తాళానికి వేలు పోయాలి" అని మా ఆయన వాదన. నిజమే, వేలే. అలాగని కూరగాయల కత్తి పెట్టి పెళ్లగించేది ఎవరో మా ఇంట్లో ఆ కత్తికి తెలుసు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఆయనగారు బ్యాటరీ మార్చాక పాత బిళ్ల ఎక్కడ పెడతారు? టీవీ స్టాండు మీదో, కిటికీ గట్టు మీదో. రిమోట్ నడపలేని ఆ బిళ్లలో కూడా పసిపిల్లల గొంతు కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది. ఆహారనాళంలో ఇరుక్కుంటే ఆ తడికి కరెంటు పారి అక్కడ క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. అమెరికాలో టెక్సాస్‌లో రీస్ హామ్‌స్మిత్ అనే 18 నెలల పాప రిమోట్‌లోని ఇలాంటి బిళ్ల మింగి 2020 డిసెంబరులో చనిపోయింది. వాళ్లమ్మ ఊరుకోలేదు, పోరాడింది. 2022లో ఆ పాప పేరు మీదే అక్కడ చట్టం వచ్చింది, ఇలాంటి బ్యాటరీల మూతలు పిల్లలు తీయలేనట్టు ఉండాలని.

అంటే ఏమైందీ? బ్యాటరీ గురించి తెలుసుకోవడం మగాళ్ల వంతు, ఇల్లు ఊడుస్తూ ఆ బిళ్ల ఏరడం మన వంతు, పిల్లాడు మింగితే చంకనేసుకుని పరిగెత్తడమూ మన వంతే. మింగాడని అనుమానం వచ్చినా సరే వాంతి చేయించకండి, రేపటిదాకా చూద్దామనుకోకండి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి అప్పుడే తీసుకెళ్లి "బటన్ బ్యాటరీ" అని మొదటి మాటగా చెప్పండి. పాత బిళ్ల తీసిన వెంటనే రెండు వైపులా టేపు అతికించి, పిల్లలకు అందని చోట పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

వచ్చే నెల మా ఆడపడుచు వాళ్లు కొత్త కారు తీసుకుంటున్నారు. హారతి పళ్లెం మీ అన్నయ్యకిచ్చి నువ్వెళ్లి తాళం దగ్గర నిలబడమ్మా అని చెప్పాను. కొబ్బరికాయ కొట్టడం మా ఆయనకి బాగానే వచ్చు.