మూత ఉన్న నత్తను చంపకండి



వానలు మొదలైన దగ్గర్నుంచి నాకు నత్తల ఫొటోలే వస్తున్నాయి. "అన్నా, ఏం కొట్టాలి?" అని ఒకటే ప్రశ్న. అది ఏ నత్తో చూశారా అంటే జవాబు ఉండదు. డిప్లొమా చదివిన నేనూ అదే తప్పు చేశాను లెండి. మా చేను కొండ అడవిని ఆనుకొని ఉంటుంది. రెండేళ్ల కిందట బొప్పాయి మొక్కలు కొరికేస్తున్నాయని గట్టు మీద ఆకుల కింద దొరికిన నత్తలన్నీ ఏరి ఉప్పునీళ్లలో వేశాను. మర్నాడు బకెట్ వంచితే చాలావాటికి నోటి దగ్గర గుండ్రటి మూతలున్నాయి. బొప్పాయి తిన్నవి అవి కావు.

తిన్నది ఆఫ్రికా నత్త. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలాడు. పొడవాటి గుల్ల, మొనదేలిన కొస, గోధుమ రంగు చారలు. తల మీద రెండు జతల కొమ్ములు, పొడుగు కొమ్ముల చివర కళ్లు.

మూత ఉన్నది సైక్లోఫోరస్ జాతి, మన అడవి నత్త. గుల్ల తలపాగా చుట్టినట్టు ఉంటది, నోరు గుండ్రం. ముట్టుకుంటే లోపలికి పోయి గోరులాంటి గట్టి మూత బిగించుకుంటది. కొమ్ములు ఒక్క జతే, కళ్లు వాటి మొదట్లో. నీడ, తేమ, కుళ్లే ఆకు ఉన్నచోటే బతుకుతుంది, ఎక్కువగా ఆ ఆకునే తింటుంది. ఒక్క విషయంలో పొరబడొద్దు. ఎండాకాలంలో ఆఫ్రికా నత్త కూడా నోటికి తెల్లటి పొర కట్టుకుంటది. అది ఎండిన జిగురు, గీకితే పగిలిపోతుంది. వీడియోలో రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను.

మూత లేనివన్నీ దొంగలే అనడం లేదు. పల్చటి గుల్లవాటిలో కొన్ని నారు కొరుకుతాయి, కొన్ని కొరకవు. రాత్రి టార్చి వేసి ఏం తింటున్నాయో చూడాల్సిందే.

నత్తలొచ్చాయని ఆచ్ఛాదన మొత్తం తీసేయమనే సలహా నాకు నచ్చదు. లేత మొక్క మొదలు చుట్టూ జానెడు మేర తీస్తే చాలు, గట్టు మీద ఆకు కదపొద్దు. మెటాల్డిహైడ్ గుళికలైతే అసలే వద్దు. వాటికి ఏ నత్తైనా ఒకటే, కుక్క తిన్నా ప్రాణం మీదికొస్తుంది. సాయంత్రం తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకు పెట్టండి, తెల్లారేసరికి ఆఫ్రికా నత్తలు చేరతాయి. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, మెదడు పొరలకు వాపు తెచ్చే పరాన్నజీవి వాటిలో ఉండొచ్చు. బకెట్లో ఉప్పునీళ్లు పొలంలో పారబోయకండి.

ఇకమీద ఫొటో పంపేవాళ్లు గుల్ల నోటి వైపు కూడా తీసి పంపండి.