రెండు చోట్ల ఒకే జార్

'ఆర్డర్‌ఇన్ఫోని ఆర్డర్‌ఇన్ఫోగా మార్చడం కుదరదు.' లాగ్‌లో ఈ క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ చూసి ఆ రోజు టీమంతా నవ్వాం. జావాకి పిచ్చెక్కిందన్నాం. నిజానికి అది వారం ముందు మేం చేసిన పనికి ఫలితం.

రిమోట్ కాల్‌కి వచ్చిన జవాబుని డీసీరియలైజ్ చేస్తుంటే మొదట క్లాస్‌నాట్‌ఫౌండ్ వచ్చింది. క్లాసేమో మా వార్‌లో, వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో నిక్షేపంలా ఉంది. కానీ ఆబ్జెక్ట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ అక్కడ వెతకదు. కాల్ స్టాక్‌లో తనకి దగ్గరగా ఉన్న, జేడీకేది కాని లోడర్‌ని పట్టుకుంటుంది. మా దగ్గర అది సర్వర్ రిమోటింగ్ లైబ్రరీది. దానికి మా వార్ కనపడదు. డాక్యుమెంటేషన్‌లో ఒక్క పేరా చదివితే తెలిసే సంగతి. చదవలేదు. జార్‌ని తీసుకెళ్లి సర్వర్ లిబ్‌లో పడేశాం. ఎర్రర్ పోయింది, టికెట్ క్లోజ్ చేశాం.

జావాకి క్లాసంటే పేరొక్కటే కాదు, పేరూ లోడరూ కలిపి. వచ్చిన వస్తువు సర్వర్ జార్‌లోంచి పుట్టింది. వార్ లోడరేమో ముందు తన జార్‌నే చూస్తుంది. ఒకే పేరున్నా ఇద్దరూ వేర్వేరు ఇళ్ల బిడ్డలు.

అప్పుడైనా తప్పు దిద్దుకున్నామా? రిఫ్లెక్షన్‌తో ఒక్కో ఫీల్డూ వచ్చిన వస్తువులోంచి మా క్లాస్ వస్తువులోకి వంపాం. రివ్యూలో 'బాగుంది' అని రాసింది నేనే.

సరైన దారి పదిహేను లైన్లుండదు. ఆబ్జెక్ట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్‌ని ఎక్స్‌టెండ్ చేసి, రిజాల్వ్‌క్లాస్‌లో థ్రెడ్ కాంటెక్స్ట్ లోడర్‌తో క్లాస్.ఫర్‌నేమ్ పిలవాలి, దొరక్కపోతే పాత పద్ధతికే వదిలేయాలి. ఆ కాంటెక్స్ట్ లోడర్ 1998లో, జావా 1.2తోనే వచ్చింది! చివరికి అదే రాశాం, అదీ సగమే. లోడర్‌ని సెట్ చేశాం, ఫైనల్లీలో పాతదాన్ని తిరిగి పెట్టలేదు. థ్రెడ్ పాత అప్లికేషన్‌ని చంకనెత్తుకుని పూల్‌లోకి వెళ్లేది. డిప్లాయ్ చేసినప్పుడల్లా మెటాస్పేస్ ఉబ్బేది. ఆదివారం రాత్రి ఆపరేషన్స్ వాళ్లు లేచి రీస్టార్ట్ కొట్టేవాళ్లు. మేం సర్వర్‌ని తిట్టేవాళ్లం.

ఇంతా చేసి, సర్వర్ లిబ్‌లో పడేసిన జార్ అక్కడే ఉండిపోయింది. సర్వర్ క్లాస్‌పాత్‌లో ఉన్న జార్ బయటినుంచి వచ్చే బైట్లకి తలుపు కాగలదని 2015లో కామన్స్ కలెక్షన్స్ లైబ్రరీ ఉదంతం చూపించింది. జావా 9తో డీసీరియలైజేషన్ ఫిల్టరూ వచ్చింది. మేం పెట్టలేదు.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "అన్నా, ఈ జార్ రెండు చోట్ల ఎందుకుంది?"

"దాన్ని ముట్టుకోకు" అన్నాను. తీసేస్తే ఏం ఆగుతుందో మాలో ఎవరికీ తెలియదు.