కుజుణ్ణి ఏడో ఇంట్లో పెట్టేది భూమి

2023 మే నెలలో అలహాబాద్ హైకోర్టు లఖ్‌నవూ బెంచ్ ముందుకు ఒక బెయిల్ పిటిషన్ వచ్చింది. పెళ్లి చేసుకుంటానని నమ్మించి అత్యాచారం చేశాడన్నది ఒక యువతి ఫిర్యాదు. ఆమెకు కుజదోషం ఉందని, అందుకే పెళ్లి కుదరదని నిందితుడి తరఫు వాదన. దోషమేమీ లేదని ఆమె తరఫు న్యాయవాది గట్టిగా చెప్పారు. అప్పుడు న్యాయస్థానం ఇద్దరి జాతకాలనూ లఖ్‌నవూ విశ్వవిద్యాలయ జ్యోతిష విభాగాధిపతికి అందజేయాలని, ఆమెకు దోషం ఉందో లేదో తేల్చి నివేదిక పంపాలని ఆదేశించింది. జూన్ 3న, శనివారమైనా, సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి ఆ ఆదేశాన్ని నిలిపివేసింది.

కోర్టు వ్యవహారంలో జ్యోతిషానికి చోటుందా అన్న చర్చ అప్పుడు చాలానే జరిగింది. దానికంటే చిన్న ప్రశ్న ఒకటి ఎవరికీ పట్టలేదు. ఆ ఆదేశం అమలై ఉంటే, ఆ విభాగాధిపతి ఆ కాగితాల్లో ఏం చూసేవారు? దోషం ఉందని తేల్చడానికి చేసే లెక్క ఏమిటి?

లెక్క సులువైనదే. బిడ్డ పుట్టిన క్షణాన తూర్పు దిక్కున ఏ రాశి ఉదయిస్తోందో అది లగ్నం, అంటే మొదటి ఇల్లు. అక్కడి నుంచి వరుసగా లెక్కిస్తే 2, 4, 7, 8, 12 ఇళ్లలో ఎక్కడ కుజుడున్నా దోషమే. రెండోది కుటుంబం, నాలుగోది సుఖం, ఏడోది జీవిత భాగస్వామి, ఎనిమిదోది మాంగల్యం, పన్నెండోది శయ్యాసుఖం. ఇది దక్షిణాది లెక్క. ఉత్తరాదిన ఎక్కువగా రెండో ఇంటిని వదిలేసి మొదటి ఇంటిని కలుపుతారు. అంటే రెండో ఇంట కుజుడున్న అమ్మాయి హైదరాబాద్‌లో దోషం ఉన్నది, లఖ్‌నవూలో లేనిది. రెండింటినీ కలిపి ఆరు ఇళ్లు లెక్కించేవారూ ఉన్నారు.

ఈ లెక్కలో కుజుడు చేసే పని చాలా తక్కువ. అంగారకుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 687 రోజులు పడుతుంది. ఒక్కో రాశిలో సాధారణంగా నెలన్నర ఉంటాడు, వక్రగతిలో పడితే నెలల తరబడి అక్కడే ఉండిపోతాడు. అంటే ఒక రోజులో కుజుడు దాదాపు కదలనట్టే. కదిలేది లగ్నం. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల 24 గంటల్లో 12 రాశులూ తూర్పున ఉదయిస్తాయి, ఒక్కోదానికి సుమారు రెండు గంటలు.

విజయవాడలోని ఒక ప్రసూతి ఆసుపత్రినే తీసుకోండి. ఆ రోజు కుజుడు తులారాశిలో ఉన్నాడనుకుందాం. మీన లగ్నం నడుస్తుండగా పుట్టిన పిల్లలకు కుజుడు ఎనిమిదో ఇంట ఉంటాడు. ఆ తర్వాత మేష లగ్నంలో పుట్టినవారికి ఏడో ఇంట. వృషభ లగ్నం మొదలవగానే ఆరో ఇల్లు, దోషం పోయింది. మిథునంలోనూ లేదు. కర్కాటకం రాగానే నాలుగో ఇల్లు, మళ్లీ దోషం. అదే వార్డు, అదే డాక్టరు, ఆకాశంలో అదే చోట అదే కుజుడు. రోజుకు సుమారు 10 గంటల పాటు పుట్టినవారంతా దోషం ఉన్నవారు, మిగతా 14 గంటల వారు లేనివారు. ఇది ప్రతి రోజూ, ప్రతి ఊళ్లోనూ జరిగేదే. సిజేరియన్‌కు ముహూర్తం పెట్టించుకునే కుటుంబాలకు ఈ సంగతి బాగానే తెలుసు.

ఐదు ఇళ్లంటే పన్నెండింట ఐదు వంతులు, దాదాపు 42 శాతం. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది కాబట్టి, జాతకం అన్న మాటే వినని వారితో సహా 300 కోట్ల మందికి పైగా కుజదోషం ఉన్నట్టు. ఇంతటితో ఆగలేదు. లగ్నం నుంచే కాక చంద్రుడి నుంచీ, శుక్రుడి నుంచీ కూడా లెక్కించాలనే సంప్రదాయం ఒకటుంది. ఆ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుని ఉజ్జాయింపుగా లెక్క కడితే, ఎక్కడో ఒకచోట దోషం తగిలేవారు 80 శాతం దాకా తేలతారు. పదిమందిలో ఎనిమిది మందికి ఉన్న లక్షణాన్ని దోషమనడం భాషకే విడ్డూరం.

అందుకే మినహాయింపులు పుట్టుకొచ్చాయి. కుజుడు స్వక్షేత్రాలైన మేష వృశ్చికాల్లో ఉంటే దోషం లేదు. ఉచ్చ రాశి మకరంలో ఉంటే లేదు. గురుడి దృష్టి పడితే లేదు. ఫలానా లగ్నాలకు అసలే వర్తించదు. 28 ఏళ్లు దాటితే పోతుందని కొందరు. ఇద్దరికీ ఉంటే సమదోషం, రద్దయిపోతుంది. జాబితా ఎంత పొడవంటే, కావాలనుకుంటే దాదాపు ఏ జాతకంలోనైనా దోషం చూపవచ్చు, కావాలనుకుంటే తీసేయవచ్చు. చూసే మనిషిని బట్టి జవాబు మారేదాన్ని కొలత అనడం కష్టం.

పుట్టిన సమయం సంగతి మరొకటి. లగ్నం ఒక డిగ్రీ కదలడానికి సగటున నాలుగు నిమిషాలు పడుతుంది. వార్డులో గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకబడినా, బిడ్డను శుభ్రం చేశాక నర్సు టైము రాసినా, రెండు రాశుల సరిహద్దు దగ్గర లగ్నమే మారిపోతుంది. గడియారం కచ్చితంగా ఉన్నా చిక్కు తీరదు. రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించే అయనాంశపై జ్యోతిషులకే ఏకాభిప్రాయం లేదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన పంచాంగ సంస్కరణ కమిటీ సిఫారసుల మేరకు 1957 నుంచి రాష్ట్రీయ పంచాంగంలో వాడుతున్నది లాహిరి అయనాంశగా పేరుపడ్డ లెక్క. బి.వి. రామన్ అయనాంశకూ దానికీ సుమారు ఒకటిన్నర డిగ్రీల తేడా ఉంది. అంటే ఆరు నిమిషాలు. రెండు సాఫ్ట్‌వేర్లలో ఒకే పిల్ల జాతకం వేస్తే రెండు లగ్నాలు రావచ్చు. ఇంకా వింత కావాలంటే నార్వే ఉత్తర కొసన ఉన్న ట్రోమ్సో నగరానికి వెళ్లాలి. అక్కడ ధనూరాశి ఎన్నడూ ఉదయించదు. ఆ ఊళ్లో పుట్టినవారెవరికీ ధనుర్లగ్నం ఉండే వీల్లేదు.

భౌతికశాస్త్రం చదువుకున్నవారు ఈ వాదనలోకి దిగితే సాధారణంగా గురుత్వాకర్షణను ముందుకు తెస్తారు. అంగారకుడు భూమికి అతి దగ్గరగా, సుమారు 5.5 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చినప్పుడు కూడా, బిడ్డకు ఒక అడుగు దూరంలో నిలబడ్డ 60 కిలోల డాక్టరు ఆకర్షణ గ్రహం ఆకర్షణ కంటే సుమారు మూడింతలు ఎక్కువ. గ్రహం 40 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడైతే చెప్పనక్కర్లేదు. లెక్క సరైనదే కానీ వాదనగా బలహీనం. గురుత్వాకర్షణ వల్ల దోషం వస్తుందని జ్యోతిషులు చెప్పరు, గ్రహం సూచన మాత్రమే అంటారు. గడియారం ముల్లు పన్నెండు చూపించినంత మాత్రాన ముల్లే మధ్యాహ్నం చేసిందని ఎవరూ అనరు కదా. ఈ మాటను గౌరవంగానే తీసుకోవాలి. సూచనైతే, అది సరిగ్గా సూచిస్తోందో లేదో చూడటానికి బలం గురించి తెలియనవసరం లేదు, లెక్కపెడితే చాలు.

2008లో పుణెలో ఖగోళశాస్త్రవేత్త జయంత్ నార్లికర్ చేసింది అదే. గణాంక శాస్త్రవేత్త సుధాకర్ కుంటే, అంధశ్రద్ధ నిర్మూలన ఉద్యమకారుడు నరేంద్ర దభోల్కర్, ఒకప్పుడు తానే జ్యోతిషం చెప్పిన ప్రకాశ్ ఘాట్పాండే ఆయనతో కలిశారు. చదువులో చురుకైన 100 మంది పిల్లల జాతకాలు, మేధోవైకల్యం ఉన్న 100 మంది పిల్లల జాతకాలు సేకరించి కలిపేశారు. ఒక్కో జ్యోతిషుడికి 40 జాతకాలిచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటు, నాణెం ఎగరేస్తే వచ్చేదానికి కాస్త తక్కువే. మొత్తం 200 జాతకాలూ తీసుకున్న ఒక సంస్థ 102 సరిగ్గా చెప్పింది. ఫలితాలు 'కరెంట్ సైన్స్'లో అచ్చయ్యాయి. దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలోనే కాల్చి చంపారు.

ఆ పరీక్ష పెళ్లి గురించి కాదు. పెళ్లిపై జరిగినదాంట్లో పెద్దది మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వోస్ చేసిన అధ్యయనం. 2001 బ్రిటన్ జనగణనలోని కోటి జంటల పుట్టినరోజులు ఆయన పరిశీలించారు. ఒకే రాశివారు పెళ్లాడటం మొదట కొద్దిగా ఎక్కువగా కనిపించింది. తవ్వి చూస్తే, ఫారం నింపేవారు పొరపాటున భాగస్వామి గడిలో తమ పుట్టిన తేదీ వివరాలే రాయడం లాంటి తప్పులే అందుకు కారణమని తేలింది. అవి సరిచేశాక ఏ రాశికీ ఏ రాశిపైనా మొగ్గు లేదు. అది పాశ్చాత్యుల సూర్యరాశి. కుజదోషానికి దాన్ని నేరుగా అంటగట్టకూడదు.

కానీ కుజదోషాన్ని పరీక్షించడం ఇంకా తేలిక, ఎందుకంటే అది చెప్పే జోస్యం స్పష్టం. ఒకరికి ఉండి మరొకరికి లేకపోతే కలహం, విడాకులు, అకాల మరణం. జాతకాలు చూసుకోకుండా పెళ్లాడిన జంటలను తీసుకుంటే, ఐదు ఇళ్ల లెక్కన వారిలో దాదాపు సగం ఇలా పొసగని జతలే కావాలి. మిగతా సగంతో పోలిస్తే వారి సంసారాలు ఎక్కువగా చెదరాలి. పుట్టిన సమయాలు లక్షల్లో పోగేసుకున్న పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లకు ఈ లెక్క తేల్చడం ఒక మధ్యాహ్నం పని. జాతకాల పొంతనను అదనపు సేవగా అమ్మేవారిని ఆ ఆధారం చూపమని అడగడం కొనుగోలుదారుల హక్కు.

అయితే ఇదంతా విని కూడా దోషాన్ని పట్టుకుని వేలాడేవారు ఎందుకున్నారు? అందరూ నమ్మి కాదు. తెలుగు ఇళ్లలో "జాతకాలు కుదరలేదండీ" అన్న మాట మర్యాదగా తలుపు మూసే గడియ కూడా. కట్నం చాలలేదనో, రంగు తక్కువనో, తమ్ముళ్ల చదువు భారం అల్లుడి మీద పడుతుందనో మొహం మీద చెప్పలేనివారు నెపాన్ని కుజుడి మీదికి తోస్తారు. ఎవరూ చిన్నబుచ్చుకోరు, చుట్టరికం చెడదు. ఈ సౌకర్యం ఉన్నంతకాలం భౌతికశాస్త్ర పాఠాలు పెద్దగా పనిచేయవు.

ఈ సౌకర్యానికి బిల్లు మాత్రం ఎక్కువగా అమ్మాయి పేరిటే వస్తుంది. ఏ నియమం చూసినా దోషం ఇద్దరికీ వర్తిస్తుంది. ఆచరణలో "భర్తకు గండం" అన్న మాట ఆడపిల్ల జాతకానికే అంటుకుంటుంది. రెండు సంబంధాలు తప్పిపోయాక ఆ పిల్లకు దోషమట అన్న మాట ఆమెకంటే ముందే ఊరు చేరుతుంది. మంగళవారాల పూజలు, కందుల దానం, పగడం ఉంగరం, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కు, చివరికి అరటిచెట్టుతో కదళీ వివాహం. భక్తితో గుడికి వెళ్లడం వేరు, తాను ఎవరి చావుకో కారణమవుతానన్న భయంతో వెళ్లడం వేరు. కొందరు తల్లిదండ్రులు పుట్టిన సమయాన్నే కాస్త జరిపి కొత్త జాతకం రాయిస్తారు. తప్పుడు పనే, కానీ ఆ పది నిమిషాల అబద్ధం జ్యోతిషం లోగుట్టు వారికి ఎంత బాగా తెలుసో చెబుతుంది.

ఇదంతా వేదాల నాటిదన్న మాటకూ కాస్త సవరణ కావాలి. వేదాంగ జ్యోతిషం యజ్ఞాలకు కాలం కట్టే గణితం. అందులో తిథులు, నక్షత్రాలు, సూర్యచంద్రుల గతులు ఉన్నాయి, మనిషి పుట్టిన లగ్నాన్ని బట్టి ఫలం చెప్పే పన్నెండు ఇళ్లు లేవు. అవి తర్వాతి శతాబ్దాల్లో గ్రీకులతో రాకపోకల వల్ల వచ్చాయి. పెళ్లి ముహూర్తంలో పురోహితులు చూసే జామిత్ర శుద్ధిలోని 'జామిత్రం' కల్యాణ స్థానమైన ఏడో ఇంటి పేరు. ఆ మాటకు మూలం గ్రీకు 'డయామెట్రోస్', ఎదురెదురుగా కొలిచే వ్యాసం. గణితం ఖండాలు దాటి రావడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, పైగా అందమైన చరిత్ర. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిర్విజ్ఞాన కోర్సులు పెట్టాలన్న యూజీసీ నిర్ణయాన్ని సవాలు చేస్తూ హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004లో ఓడిపోయారు. దోషం నిజమా కాదా అన్నది మాత్రం ఆ తీర్పుతో తేలలేదు.

పెళ్లికి ముందు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్న ఆలోచన తప్పేమీ కాదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో చేస్తున్నది ఒకరకంగా ఇదే. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేసి, ఫలితం రాసిన కార్డు ఇవ్వడం లక్ష్యం. ఒక్కరే వాహకులైతే బిడ్డకు వ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఇక్కడ మినహాయింపుల జాబితా లేదు, ఏ ల్యాబ్‌లో సరిగ్గా పరీక్షించినా జవాబు మారదు. అలాగని ఆ కార్డు పెళ్లిని రద్దు చేయదు. గర్భం దాల్చిన తొలి నెలల్లోనే శిశువును పరీక్షించుకునే వీలుంది.

ఆ కార్డూ కుజదోషంలా మారకుండా చూసుకోవాలి. అమ్మాయి కార్డు మాత్రమే అడిగి, అబ్బాయిది చూపకుండా సంబంధం వదులుకుంటే, లెక్క ఎంత కచ్చితమైనదైనా ఆమెకు తేడా తెలియదు.